అద్దె పత్రాల్లో ‘ఉమ్మడి’: కలసి ఇల్లు తీసుకున్నవారు విడిపోయినప్పుడు అడ్వాన్సు – భాషాపరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే ఇంటిని కలసి అద్దెకు తీసుకున్నవారిలో ఒకరు విడిపోతే, యజమాని దగ్గరున్న అడ్వాన్సులో ఆయన భాగాన్ని ఎవరు, ఎప్పుడు, ఎంత చెల్లించాలన్నది మన నగరాల్లో నిత్యం ఎదురయ్యే ప్రశ్న. తెలుగులో రాసుకొనే అద్దె పత్రాలు ఈ ప్రశ్నకు చాలావరకు సమాధానం చెప్పవు. అద్దెదారులు ‘ఉమ్మడి’ అన్న మాటను కుటుంబ పంపకాల అర్థంలో గ్రహిస్తారు. ఒప్పందాల చట్టం దానిని వేరొక అర్థంలో గ్రహిస్తుంది. వివాదానికి మూలం ఈ అర్థభేదంలో ఉందని, పత్రంలోని బహువచన ప్రయోగాలు దానిని మరింత మరుగుపరుస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉమ్మడి, అడ్వాన్సు, ధరావతు, అద్దె ఒప్పంద పత్రం, గౌరవ బహువచనం, వాటా, ఒప్పందాల చట్టం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో పరిశోధన చేస్తున్న రోజుల్లో మేము ముగ్గురం కలసి ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. నెలకు 12,000 అద్దె, మూడు నెలల అద్దె అడ్వాన్సు. తలా 12,000 వేసుకొని మొత్తం 36,000 యజమానికి ఇచ్చాం. ఏడాదిన్నర గడిచాక మాలో ఒకరికి వేరే జిల్లాలో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ తన 12,000 ఇప్పించమన్నారు. “ఇల్లు ఖాళీ చేసిననాడు లెక్క చూద్దాం, మధ్యలో మీలో మీరు ఏం చేసుకున్నా నాకు సంబంధం లేదు” అని యజమాని అన్నారు. మిగిలిన ఇద్దరికీ ఫెలోషిప్పు వచ్చి నెలలైంది. ఇచ్చే స్థితిలో లేము. చివరికి మరో మిత్రుడు ఆ 12,000 వెళ్లేవారి చేతిలో పెట్టి మాతో చేరారు.

మరుసటి సంవత్సరం ఇల్లు ఖాళీ చేసినప్పుడు రంగులకూ పగిలిన వాష్‌బేసిన్‌కూ కలిపి యజమాని 9,000 మినహాయించారు. ఆ వాష్‌బేసిన్ కొత్త మిత్రుడు రాకముందే పగిలింది. అయినా ఆయన వంతు 3,000 పోయింది. అది పగిలిన రోజుల్లో ఇంట్లో ఉన్నవారు పూర్తి 12,000 తీసుకొని వెళ్లిపోయారు. ఇందులో ఎవరూ ఎవరినీ మోసగించలేదు. అయినా ఆ తరవాత మా నలుగురి మధ్య మాటలు మునుపటిలా సాగలేదు. ఆ పత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ప్రాచీన కావ్యాల్లో పాఠభేదాలు వెతుకుతూ కూర్చున్న ముగ్గురం, మా సంతకాలున్న రెండు పుటల పత్రాన్ని మాత్రం చదవకుండానే సంతకం చేశాం.

ఆ తరవాత స్టాంపు వెండర్ల దగ్గర దొరికే నమూనాలను, మిత్రులు, విద్యార్థులు చూపిన పత్రాలను పరిశీలిస్తూ వచ్చాను. ఈ వ్యాసానికి ఆధారం ఆ పఠనానుభవమే. చట్టవిషయాలను పత్రాల భాషను అర్థం చేసుకోవడానికి అవసరమైనంత మేరకే ప్రస్తావిస్తున్నాను.

2. కుటుంబం నేర్పిన ‘ఉమ్మడి’

తెలుగువారికి ‘ఉమ్మడి’ అనగానే మొదట గుర్తుకు వచ్చేది కుటుంబం. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి బావి, ఉమ్మడి గోడ. ఈ ప్రయోగాలన్నిటి వెనుక ఒక నమ్మకం ఉంది: కలసి ఉన్నంతకాలం అందరిదీ ఒకటే, వేరుపడిన నాడు ఎవరి పాలు వారిది. వేరుపడు, పాలు, వాటా, పంపకం అనే మాటలు ‘ఉమ్మడి’ అనే మాటను నీడలా అంటిపెట్టుకొనే ఉంటాయి. వాటా ముందునుంచీ లోపల ఉంటుంది, విడిపోవడమన్నది దానిని బయటికి తీయడమే అన్న భావన ఈ పదజాలంలోనే ఇమిడి ఉంది.

మితాక్షర సంప్రదాయంలోని హిందూ ధర్మశాస్త్రం కూడా ఈ భావనకు దగ్గరగానే నిలిచింది. అవిభక్త కుటుంబంలోని సమాంశి తాను వేరుపడదలచానని స్పష్టంగా ప్రకటించి, ఆ ప్రకటన మిగిలినవారికి తెలిసేలా చేస్తే చాలు, కుటుంబంలో అతని స్థితి మారుతుంది. మిగిలినవారి సమ్మతి అవసరం లేదు. ఆంధ్రప్రాంతం నుంచి వెళ్లిన అడ్డగడ రాఘవమ్మ – అడ్డగడ చెంచమ్మ వ్యాజ్యంలో 1963లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరిస్తూ, ఆ ప్రకటన సంబంధితులకు తెలియడం తప్పనిసరి అని పేర్కొంది. అంటే కుటుంబంలో విడిపోవడానికి ఒక్కరి సంకల్పం, దాని వెల్లడి సరిపోతాయి.

అద్దెదారు ‘నేను వెళ్తున్నాను, నా వాటా ఇవ్వండి’ అన్నప్పుడు తెలిసో తెలియకో ఈ న్యాయాన్నే ఆశ్రయిస్తున్నాడు. ఆ మాటలో దురాశ గాని అజ్ఞానం గాని లేదు. తరతరాలుగా ‘ఉమ్మడి’కి ఉన్న అర్థమే అందులో ఉంది. అయితే అద్దె పత్రం కుటుంబానికి చెందిన పత్రం కాదు.

3. ఒప్పందం చెప్పే ‘ఉమ్మడి’

భారత ఒప్పందాల చట్టం (1872) 42 నుంచి 45 వరకు గల సెక్షన్లలో ఉమ్మడి వాగ్దానాల గురించి చెబుతుంది. వీటిలో రెండు వైపుల బంధాలు కనిపిస్తాయి. అద్దెదారులు అద్దె ఇస్తామని, ఇంటిని చెడగొట్టబోమని యజమానికి కలసి మాట ఇస్తారు. ఈ విషయంలో వారు ఉమ్మడి వాగ్దాతలు. వ్యతిరేకంగా స్పష్టమైన ఒడంబడిక లేకపోతే, 43వ సెక్షన్ ప్రకారం యజమాని వారిలో ఎవరినైనా ఒకరిని పట్టుకొని మొత్తం బాకీ అడగవచ్చు. చెల్లించినవారు మిగిలినవారి నుంచి సమాన వంతులు రాబట్టుకోవాలి. వారిలో ఒకరు ఇవ్వలేకపోతే ఆ నష్టాన్ని మిగిలినవారు సమానంగా భరించాలి.

రెండో వైపున యజమాని ఇల్లు ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సు తిరిగి ఇస్తానని అద్దెదారులకు మాట ఇస్తాడు. ఈ విషయంలో అద్దెదారులు ఉమ్మడి వాగ్దానగ్రహీతలు. దీనికి 45వ సెక్షన్ వర్తిస్తుంది. ఒప్పందంలో భిన్నమైన ఉద్దేశం కనిపించనంతవరకు, ఆ వాగ్దానం నెరవేర్చమని అడిగే హక్కు వారందరికీ కలిపి ఉంటుంది. వారిలో ఒకరు మరణిస్తే ఆ వ్యక్తి ప్రతినిధి మిగిలినవారితో కలసి అడగాలి. చట్టం మరణం గురించి ఇంత స్పష్టంగా చెప్పింది గాని, బతికి ఉండగానే గది వదిలి వెళ్లేవారి గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. వెళ్లినా ఆయన ఉమ్మడి వాగ్దానగ్రహీతగానే మిగిలిపోతాడు. వాటాను విడిగా అడిగే హక్కు ఆ వెళ్లడం వల్ల పుట్టదు.

కుటుంబం చెప్పే ఉమ్మడిలో వాటా లోపల ఉండి, విడిపోవడంతో బయటపడుతుంది. ఒప్పందం చెప్పే ఉమ్మడిలో యజమాని ముందు వాటా అనేది లేదు; అది అద్దెదారుల పరస్పర సంబంధంలోనే ఉంటుంది. మా యజమాని అన్న ‘మీలో మీరు’ అనే మాట వినడానికి కటువుగా తోచినా, చట్టం దృష్టిలో ఆ మాట సరైనదే.

ఇదే తర్కం నోటీసుకూ వర్తిస్తుంది. కంజీ మాంజీ – బొంబాయి పోర్టు ధర్మకర్తల వ్యాజ్యంలో 1962లో సుప్రీంకోర్టు, ఉమ్మడి అద్దెదారులలో ఒకరికి అందిన నోటీసు అందరికీ అందినట్టేనని తేల్చింది. కుటుంబంలో ఒకరి సంకల్పం మిగిలినవారికి తెలియాలి; అద్దెలో ఒకరికి తెలిసినది అందరికీ తెలిసినట్టే లెక్క. ఒకరు తన తాళంచెవి యజమాని చేతిలో పెట్టి వెళ్లిపోయినా మిగిలినవారి అద్దె హక్కు ముగిసిపోదు. అద్దె ముగియలేదు గనుక అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసిన సమయమూ రాలేదు.

హాస్టళ్లలో, పేయింగ్ గెస్టు వసతుల్లో ఈ చిక్కు లేదు. అక్కడ ప్రతి మంచానికీ ఒక ఒప్పందం, ఒక రసీదు. గదిలో నలుగురున్నా ఒప్పందాలు నాలుగు. ‘గది కలసి ఉంది’ కాబట్టి ఒప్పందమూ ఉమ్మడిదే అనుకోనవసరం లేదు.

4. ‘రెండవ పార్టీవారు’: బహువచనపు మరుగు

45వ సెక్షన్‌లోని ‘భిన్నమైన ఉద్దేశం కనిపించనంతవరకు’ అనే షరతు భాషాపరిశోధకుల దృష్టిలో పడదగినది. ఉద్దేశం కనిపించవలసింది పత్రంలోని వాక్యాల్లోనే. మన పత్రాలు అద్దెకిచ్చేవారిని ‘మొదటి పార్టీవారు’ అని, తీసుకొనేవారిని ‘రెండవ పార్టీవారు’ అని పేర్కొంటాయి. పత్రం మొదట్లో మూడు పేర్లు, మూడు తండ్రుల పేర్లు, మూడు ఊర్లు రాసి, ఆ తరవాత వాటన్నిటినీ ఈ ఒక్క మాటలోకి మడిచేస్తారు. అడ్వాన్సు గురించి సాధారణంగా కనిపించే వాక్యం ఈ తీరున ఉంటుంది: ఇల్లు ఖాళీ చేయునప్పుడు మొదటి పార్టీవారు సదరు అడ్వాన్సు సొమ్మును బాకీలు మినహాయించుకొని రెండవ పార్టీవారికి వాపసు ఇవ్వగలవారు.

తెలుగులో ‘వారు’ రెండు పనులు చేస్తుంది. ఒకటి బహుత్వాన్ని తెలపడం, రెండోది ఒక వ్యక్తి పట్ల గౌరవాన్ని తెలపడం. ‘మాస్టారుగారు వచ్చారు’ అంటే ఒక్కరే వచ్చారు. ‘విద్యార్థులు వచ్చారు’ అంటే పలువురు. క్రియారూపం ఈ తేడాను చూపదు. ఒకే అద్దెదారుకు తయారుచేసిన నమూనాలో ‘రెండవ పార్టీవారు’ అన్నది గౌరవ బహువచనం. అదే నమూనాలో ముగ్గురి పేర్లు నింపితే అది సంఖ్యాబహువచనంగా మారుతుంది. వాక్యం మాత్రం అక్షరం మారదు. ‘వారికి’ అంటే అందరికీ కలిపి ఒకేసారా? వారిలో అడిగిన ఎవరికైనానా? ఎవరిది వారికి విడివిడిగానా? మూడు అర్థాలకూ వాక్యం తలుపు తెరిచే ఉంచుతుంది.

మన భాషలో ఈ తేడాలను చూపే సాధనాలు లేకపోలేదు. సంఖ్యావాచకాలకు చేరే ‘-ఏసి’ ప్రత్యయం పంపిణీని సూచిస్తుంది. ‘ముగ్గురూ 12 వేలు ఇచ్చారు’ అన్న వాక్యం అస్పష్టం. ‘ముగ్గురూ పన్నెండేసి వేలు ఇచ్చారు’ అన్న వాక్యానికి ఒకటే అర్థం. ‘తలా’, ‘ఎవరి మటుకు వారు’, ‘విడివిడిగా’ అనేవీ ఈ పనే చేస్తాయి. ఎదుటి కొసన ‘అందరూ కలసి’, ‘ఏకగ్రీవంగా’, ‘సమష్టిగా’ ఉన్నాయి. మూడో అర్థానికి మన ప్రామిసరీ నోట్లు ఒక చక్కని అలవాటు నేర్పాయి: ‘మీకు గాని, మీ అనుమతి పొందినవారికి గాని’. ఆ ‘గాని’ ఇద్దరిలో ఎవరి చేతికిచ్చినా రుణం తీరుతుందని ముందే చెబుతుంది. వడ్డీవ్యాపారి నోటులో ఎప్పటినుంచో ఉన్న జాగ్రత్త, మన అద్దె పత్రంలోకి రాలేదు.

పత్రంలో ‘రెండవ పార్టీవారిలో ఒక్కొక్కరు పన్నెండేసి వేల రూపాయలు చెల్లించినారు, ఎవరి సొమ్ము వారికి వాపసు ఇవ్వవలెను’ అని ఉంటే, 45వ సెక్షన్ అడిగే భిన్నమైన ఉద్దేశం అక్కడ కనిపిస్తున్నదని వాదించవచ్చు. ఇది నా ప్రతిపాదన మాత్రమే. ‘-ఏసి’ మీద తీర్పు ఏదైనా ఉందని నేను చెప్పడం లేదు. అయితే మొత్తాన్ని ఒకే అంకెగా రాసిన పత్రం కంటే ఇలా విడగొట్టి రాసిన పత్రం విడిపోయేవారికి ఎక్కువ ఆసరా ఇస్తుందన్నది స్పష్టం.

5. ఒకరి చేతికిచ్చిన సొమ్ము

ఈ అస్పష్టత వల్ల అసలు నష్టం చివరి రోజున జరుగుతుంది. ఇల్లు ఖాళీ అయ్యాక యజమాని 27,000ను ముగ్గురిలో మొదటి పేరున్న వ్యక్తి ఖాతాకు ఫోన్ ద్వారా పంపేస్తాడు. ఆ వ్యక్తి మిగిలినవారికి ఇవ్వలేదనుకుందాం. వారు మళ్లీ యజమానిని అడగవచ్చునా?

ఈ ప్రశ్నకు తెలుగునాటితో సంబంధమున్న పాత తీర్పు ఒకటుంది. ఆంధ్ర జిల్లాలు మద్రాసు హైకోర్టు పరిధిలో ఉన్న కాలంలో, 1913 నాటి అన్నపూర్ణమ్మ – అక్కయ్య వ్యాజ్యంలో ఆ కోర్టు పూర్తి ధర్మాసనం ఈ విషయాన్ని పరిశీలించింది. పలువురి పేర రాసిన ప్రామిసరీ నోటు విషయంలో, మిగిలినవారి ప్రమేయం లేకుండానే వారిలో ఒకరు చెల్లుబాటయ్యే రసీదు ఇచ్చి రుణాన్ని తీరినట్టు చేయగలరని ఎక్కువమంది న్యాయమూర్తులు భావించారు. ఒప్పందాల చట్టం 38వ సెక్షన్‌లో, ఉమ్మడి వాగ్దానగ్రహీతలలో ఒకరికి చెల్లింపు జరపబోయినా అందరికీ జరపబోయినట్టే అన్న నియమం ఉంది. ఈ వాదనకు అదీ బలం. ఇతర హైకోర్టులు కొన్ని దీనికి విరుద్ధమైన అభిప్రాయం తీసుకున్నాయి. 38వ సెక్షన్ చెల్లించజూపడం గురించే గాని, పుచ్చుకొని అందరి తరఫున రుణాన్ని మాఫీ చేసే అధికారం గురించి కాదని వాటి తర్కం.

మద్రాసు మార్గాన్ని అనుసరిస్తే యజమాని బాధ్యత తీరిపోయినట్టే, పోరు అద్దెదారుల మధ్యనే. రెండో మార్గాన్ని అనుసరిస్తే యజమాని రెండుసార్లు చెల్లించవలసిన ప్రమాదం ఉంది. ఏది ఎలా ఉన్నా మొత్తం పుచ్చుకున్న వ్యక్తి తన వాటాకు మించినదాన్ని మిగిలినవారి తరఫున పుచ్చుకున్నట్టే. వారికి లెక్క చెప్పవలసిందే. యజమానికీ, ఖాతా లేని ఇద్దరికీ క్షేమమైన దారి ఒకటే: ఎవరికి ఎంత పంపాలో ముగ్గురూ సంతకం చేసిన చీటీ. వాట్సాప్‌లో ముగ్గురి నుంచీ విడివిడిగా వచ్చిన సమ్మతి అయినా, ఏమీ లేకపోవడం కంటే నయం.

6. వాటాల లెక్క

ముగ్గురూ సమానంగా వేసుకున్నప్పుడు లెక్క తేలిక. 36,000లో 9,000 మినహాయిస్తే మిగిలిన 27,000లో ఒక్కొక్కరికి 9,000. ఒక గదిలో ఒకరు, పెద్ద గదిలో ఒకరు, హాలులో మరొకరు సర్దుకున్నప్పుడు మాత్రం అడ్వాన్సు సమానంగా ఉండదు. ఒకరు 18,000, మరొకరు 12,000, ఇంకొకరు 6,000 వేసుకున్నారనుకుందాం.

ఆస్తి బదిలీ చట్టం (1882) 45వ సెక్షన్, స్థిరాస్తిని పలువురు వేర్వేరు సొమ్ముతో కలసి పొందినప్పుడు ఎవరు పెట్టిన సొమ్ము మేరకు వారికి హక్కు ఉంటుందని, ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే సమానమని భావించాలని చెబుతుంది. ఆ సూత్రాన్ని అడ్వాన్సుకూ అన్వయించుకోవడం న్యాయమే. అయితే మినహాయింపులు అడ్వాన్సులోని వాటాలు కావు, అవి ఉమ్మడి బాధ్యతలు. వాటికి ఒప్పందాల చట్టం 43వ సెక్షన్ ప్రకారం సమాన వంతులు. అంటే 9,000లో తలా 3,000. అప్పుడు చేతికి వచ్చేవి 15,000, 9,000, 3,000. మినహాయింపును కూడా వాటాల నిష్పత్తిలోనే పంచితే 4,500, 3,000, 1,500 పోయి, చేతికి వచ్చేవి 13,500, 9,000, 4,500. రెండు లెక్కల మొత్తమూ 27,000. మధ్యవ్యక్తికి తేడా లేదు. హాలులో సర్దుకున్న వ్యక్తికి మాత్రం మొదటి లెక్కలో సగం సొమ్మే తిరిగి వస్తుంది. తక్కువ ఇచ్చినవారు సాధారణంగా తక్కువ సంపాదనగలవారే కనుక, ముందుగా మాట్లాడుకోని పక్షంలో భారం వారిమీదే పడుతుంది. రెండో లెక్కే న్యాయమని నా అభిప్రాయం. కానీ దానికి ‘భిన్నమైన ఉద్దేశం’ పత్రంలోనో కనీసం మనలో మనం రాసుకున్న చీటీలోనో ఉండాలి.

మినహాయింపులలోనూ భేదం పాటించాలి. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, సహజమైన అరుగుదలను మినహాయించి అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి. గోడల రంగు వెలసిపోవడం అరుగుదల. వాష్‌బేసిన్ పగలడం నష్టం. ‘ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె’ అని మన పత్రాల్లో కనిపించే షరతు ఈ భేదాన్ని ఒప్పందం ద్వారా చెరిపేస్తుంది. షరతు లేనిచోట దానిని ఆచారంగా చూపి కోయడం వేరు విషయం, దానిని అడ్డుకోవచ్చు.

7. కొత్తవారు చేరినప్పుడు, పత్రం తిరగరాసినప్పుడు

వెళ్లేవారికి వచ్చేవారు సొమ్ము ఇచ్చి స్థానం తీసుకోవడం అందరికీ సుఖమైన పద్ధతి. యజమాని పెట్టె తెరవనవసరం లేదు. అయితే మొదట చెప్పిన మా అనుభవంలో జరిగినట్టు, వచ్చేవారు సొమ్ముతోపాటు గత నష్టాలనూ కొనుక్కుంటారు. యజమానికి ఇది తెలియకుండా జరిగితే పాత ఒప్పందం పాత పేర్లతోనే నడుస్తుంది. వెళ్లిన వ్యక్తి సొమ్ము పుచ్చుకొని కూడా అద్దె బాకీకి బాధ్యుడిగా మిగులుతాడు. వచ్చిన వ్యక్తి సొమ్ము ఇచ్చి కూడా యజమాని దృష్టిలో ఎవరూ కాకుండా ఉంటాడు. దీనికి మందు ఒప్పందాల చట్టం 62వ సెక్షన్‌లో ఉంది: సంబంధితులందరూ అంగీకరిస్తే పాత ఒప్పందం స్థానంలో కొత్తది నిలుస్తుంది. యజమాని సంతకం లేనిదే ఆ మార్పు పూర్తి కాదు. యజమాని ఒక్కడే ‘నిన్ను వదిలేశాను’ అన్నా చాలదు. 44వ సెక్షన్ ప్రకారం ఆ విడుదల సహ అద్దెదారులకు అతడు ఇవ్వవలసిన వంతును రద్దు చేయదు.

ఇంతకంటే సూక్ష్మమైన ఉచ్చు పత్రం తిరగరాయడంలో ఉంది. మన పత్రాలు సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు, గడువు తీరగానే కొత్తది రాస్తారు. మధ్యలో వెళ్లిన వ్యక్తి పేరు తీసేసి మిగిలిన ఇద్దరి పేర్లతో కొత్త పత్రం రాసేటప్పుడు, స్టాంపు వెండరు పాత వాక్యాన్నే దింపుతాడు: ‘రెండవ పార్టీవారి వలన అడ్వాన్సు 36,000 రూపాయలు ముట్టినది’. ‘ముట్టినది’ అన్న ఒక్క క్రియ, మూడో వ్యక్తి ఇచ్చిన 12,000ను ఆ ఇద్దరి సొమ్ముగా మార్చేస్తుంది. ఆ రోజు డబ్బు చేతులు మారనేలేదు; భాష మాత్రం మార్చింది. పాత పత్రం ప్రతిని, చెల్లింపు రసీదును దాచుకోని వ్యక్తికి తరవాత చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ‘పూర్వపు పత్రము ప్రకారము మొదటి పార్టీవారి వద్దనున్న అడ్వాన్సు యథాతథముగా కొనసాగుచున్నది’ అని రాస్తే ఈ చిక్కు రాదు.

8. అడ్వాన్సా, ధరావతా?

‘అడ్వాన్సు’ అన్న మాటలోనే రెండర్థాలున్నాయి. ముందుగా చెల్లించిన అద్దె ఒకటి, హామీగా ఉంచిన సొమ్ము మరొకటి. రెండోదానికి మన కార్యాలయ భాషలో ‘ధరావతు’ అన్న మంచి మాట ఉన్నా, అద్దె పత్రాల్లోకి అది అరుదుగా వస్తుంది. భేదం ఆచరణలో ముఖ్యం. ముందస్తు అద్దె అయితే చివరి నెలల అద్దెలో కలిసిపోతుంది, విడిపోయే వ్యక్తి వాటా ఆయన లేని నెలల అద్దెకు ఖర్చవుతుంది. ధరావతు అయితే అద్దెతో నిమిత్తం లేకుండా చివరన తిరిగి రావాలి.

ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, తొలగింపు) నియంత్రణ చట్టం (1960) 7వ సెక్షన్ ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకోవడాన్ని అనుమతించలేదు. అప్పటి నెల్లూరు జిల్లా గూడూరులోని ఒక హోటలు అద్దె వివాదంలో సుప్రీంకోర్టు 1989లో, పరిమితికి మించిన అద్దెదారు సొమ్ము యజమాని దగ్గర ఉండగా అతడిని అద్దె ఎగవేసినవాడిగా ఎంచి తొలగించడం కుదరదని భావించింది. అయితే 2005 సవరణ కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 దాటిన అద్దె ఇళ్లను ఈ చట్టం పరిధి నుంచి తప్పించింది. నేటి నగరంలో ఆ మొత్తానికి దొరికే ఇల్లు ఎక్కడుందో పాఠకులకే తెలుసు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు రెండు నెలల అద్దెను పరిమితిగా పెట్టింది. ఖాళీ ఇంటిని స్వాధీనం చేసుకొనేటప్పుడే, మినహాయింపులు పోను ధరావతు తిరిగి ఇవ్వాలంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు చట్టం చేసుకొంటేనే అమలవుతుంది. అద్దెదారుల్లో ఒకరు ముందే వెళ్లిపోతే ఏమిటన్న ప్రశ్నకు ‘స్వాధీనం చేసుకొనేటప్పుడు’ అన్న మాట కూడా పాత సమాధానాన్నే ఇస్తుంది: అందరూ వెళ్లాకనే.

9. దంపతులు విడిపోయినప్పుడు

అద్దె ఇంట్లో విడిపోయేది మిత్రులే కారు. భార్యాభర్తల విషయంలో పత్రం సాధారణంగా భర్త పేరనే ఉంటుంది. అడ్వాన్సులో భార్య జీతమో, ఆమె నగల తాకట్టు సొమ్మో ఉన్నా పత్రంలో అది కనిపించదు. గృహహింస చట్టం (2005) దృష్టిలో అద్దె ఇల్లు కూడా ‘ఉమ్మడి గృహమే’. అందులో నివసించే హక్కు ఆమెకుంది. 19వ సెక్షన్ కింద న్యాయస్థానం, ఆమెకు అదే స్థాయి వేరొక నివాసం చూపమని గాని దాని అద్దె చెల్లించమని గాని భర్తను ఆదేశించగలదు. ఇక్కడి ‘ఉమ్మడి’ మూడో అర్థం. కుటుంబపు వాటా కాదు, ఒప్పందపు బాధ్యత కాదు, కలసి నివసించిన వాస్తవం.

బెంగళూరుకు చెందిన అచలా ఆనంద్ – అప్పిరెడ్డి వ్యాజ్యంలో 2005లో సుప్రీంకోర్టు, భర్త విడిచిపెట్టి వెళ్లిన భార్య అద్దె ఇంట్లోనే ఉన్నప్పుడు, అద్దెదారుగా భర్త చేసుకోగల వాదనలతో ఆమె తొలగింపును ఎదుర్కోవచ్చునని గుర్తించింది. విడాకులతో వివాహం ముగిశాక ఆ హక్కు నిలవదని కూడా అదే తీర్పు చెప్పింది. అది అడ్వాన్సు గురించిన తీర్పు కాదు. అయినా ఇంట్లో నిలిచిపోయిన స్త్రీ అద్దె కడుతూ ఉంటే, చివరన అడ్వాన్సు పత్రంలో పేరున్న పురుషుని ఖాతాకు వెళ్లిపోవడం ఎంత సులభమో దీనినిబట్టి ఊహించవచ్చు. ఇద్దరి పేర్లతో పత్రం రాసుకోవడం అనుమానానికి గుర్తని భావించేవారు మన సమాజంలో ఇంకా ఉన్నారు. ఇంటి అప్పుకు బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడిగినప్పుడు మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

10. పత్రంలో చేర్చదగిన వాక్యాలు

పై పరిశీలన ఆధారంగా, స్టాంపు వెండరు నమూనాలో చేతితోనైనా చేర్చగల వాక్యాలను సూచిస్తున్నాను. పత్రాల సంప్రదాయ శైలిని ఉద్దేశపూర్వకంగానే నిలిపాను. ఆ శైలికి అలవాటుపడిన యజమానులు వీటిని కొత్త మెలికగా భావించరు.

‘రెండవ పార్టీవారిలో ఒక్కొక్కరు పన్నెండేసి వేల రూపాయలు ధరావతుగా చెల్లించినారు. ఇది ముందస్తు అద్దె కాదు.’

‘రెండవ పార్టీవారిలో ఎవరైనను విడిపోదలచినచో ముప్పది దినములు ముందుగా మిగిలినవారికిని, మొదటి పార్టీవారికిని వ్రాతపూర్వకముగా తెలుపవలెను. ఆ దినమున ఇంటి స్థితిని అందరును చూచి పట్టిక వ్రాసి సంతకములు చేయవలెను. ఆ పట్టికలోని నష్టములలో వారి వంతు మినహాయించి, మిగిలిన ధరావతును వారి స్థానమున చేరువారు గాని, చేరువారు లేనిచో మిగిలిన రెండవ పార్టీవారు గాని వారికి చెల్లించవలెను.’

‘అట్లు చేరినవారిని మొదటి పార్టీవారు అంగీకరించి ఈ పత్రము వెనుక సంతకము చేసిన దినము నుండి, విడిపోయినవారికి అద్దె విషయమున బాధ్యత ఉండదు.’

‘ఇల్లు ఖాళీ చేసినపుడు మినహాయింపులు ఎవరి ధరావతు నిష్పత్తిలో వారు భరించవలెను. మిగిలిన సొమ్ము ఎవరిది వారి ఖాతాకు విడివిడిగా చెల్లించవలెను.’

వీటిలో రెండోది అన్నిటికంటే కష్టమైనది. చేరేవారు లేని పక్షంలో మిగిలిన ఇద్దరే చెల్లించాలన్నది, ఫెలోషిప్పు కోసం ఎదురుచూసిన నా పాత స్థితిలో నేనే ఒప్పుకొని ఉండేవాణ్ని కాను. అక్కడ రెండు మూడు వాయిదాలకు వీలు కల్పించే మాట చేర్చుకోవచ్చు. మా విద్యార్థులు కొందరు ఈ సంవత్సరం గది తీసుకొనేటప్పుడు మొదటి వాక్యాన్ని, చివరి వాక్యాన్ని చేర్చమని అడిగారు. యజమాని మొదటిదానికి ఒప్పుకొని, చివరిదాన్ని కొట్టేసి, పక్కన పొడి సంతకం చేశారట.